వెనక బల్ల

అరబా మెన్సిమా మొగుడు సెకొండీ రేవులో ఇంకొకామెతో కాపురం పెట్టాడని తెలిసిన రోజున ఆమె ఏడవలేదు. పెద్దల్ని పిలిచి తగువూ పెట్టలేదు. అతని చాప, రెండు చొక్కాలు, గడ్డం గీసుకునే కత్తి మూటగట్టి, సెకొండీ పోయే లారీ డ్రైవరు చేతిలో పెట్టింది.

"ఆయన మర్చిపోయి వెళ్ళిన సామాను, ఇచ్చెయ్ నాయనా. ఇంకేమన్నా మర్చిపోయానేమో అని వెనక్కి తిరిగి చూస్తాడేమో, ఏమీ లేదని గట్టిగా చెప్పు" అంది.

అప్పటికి ఆమెకి ఇరవై ఆరేళ్ళు. పిల్లల్లేరు. ఆ వారం నుంచే దొకోను చేసి అమ్మడం మొదలెట్టింది. మొక్కజొన్నలు నానేసి, రుబ్బించి, పిండి పులిసేదాకా ఆగి, సగం ఉడికించి అందులో సగం పచ్చిది కలిపి, ఎండిన అరటాకుల్లో చుట్టి, పెద్ద డ్రమ్ములో మూడు గంటలు ఉడకేస్తే అయ్యే ముద్ద అది. వాళ్ళ ఊరు అసుక్రోంలో చేపలు పట్టే మగాళ్ళు అరబా దొకోను లేకుండా పడవ ఎక్కేవాళ్ళు కాదు. పులుపు కాస్త అటూ ఇటూ అయిందా, ఇక ఆ రోజు అమ్మకం లేదు. డ్రమ్ము డ్రమ్మంతా మేకలకి పోసేది. "మేకలు నన్నేం తిట్టవు. మీరైతే నా చావు దాకా తిడతారు" అనేది.

చదువు రాదు. కానీ గుడిలో ఆమె నోటికి తిరుగు లేదు. ఆ తీరంలో ఒక ఆనవాయితీ ఉంది. ప్రసంగం నడుస్తుండగా చదువురాని ఆడవాళ్ళలో ఎవరికి మనసు పొంగినా, కూర్చున్న చోటి నుంచే పాట ఎత్తుకోవచ్చు. ఒకామె పాటలో అడుగుతుంది, మిగతావాళ్ళు పాటలోనే బదులిస్తారు. ఎంత పెద్ద అయ్యగారైనా సరే, అది పూర్తయ్యేదాకా నోరు మూసుకుని నిలబడాల్సిందే. ఆదాము దగ్గర్నుంచి పౌలు దాకా అందరి సంగతులూ అరబా గొంతులో ఉండేవి. ఏది ఎప్పుడు బయటికి తియ్యాలో ఆమెకి బాగా తెలుసు.

అసుక్రోం గుడికి సొంత పాస్టరు లేడు. ఆదివారాలు నడిపేది ఉపదేశి ఇసాకు ఎగ్యిర్. చీమని కూడా పక్కకి జరగమని అడిగి అడుగేసేటంత మెత్తటి మనిషి. మూడు నెలలకోసారి పాస్టరుగారు పట్నం నుంచి మోటారులో వచ్చి బల్ల ఇచ్చేవారు, అంటే ప్రభువు ఆఖరి భోజనం గుర్తుగా రొట్టె విరిచి పంచేవారు. ఊళ్ళో రొట్టె కాల్చే పొయ్యి లేదు కాబట్టి, తెల్లగుడ్డలో చుట్టిన గోధుమ రొట్టె కూడా ఆయనే తెచ్చేవారు. ఒక్కొక్కళ్ళకి వచ్చే ముక్క గోరంత. ఆ గోరంత ముక్క కోసం, తగాదా పడ్డవాళ్ళు శనివారమే ఒకళ్ళ గడప ఒకళ్ళు తొక్కి రాజీ పడేవాళ్ళు. పగ పెట్టుకుని తింటే అది గొంతులో అడ్డం పడుతుందని భయం. అరబా అయితే ఆ శనివారం కనీసం నాలుగిళ్ళన్నా తిరగాల్సి వచ్చేది.

ఎనభై మూడో సంవత్సరం వచ్చేసరికి బల్ల అన్న మాటే వినపడకుండా పోయింది. వానలు ముఖం చాటేశాయి. ఎండుగాలికి అడవులంటుకుని కర్రపెండలం చేలూ కోకో తోటలూ కాలిపోయాయి. జనం పచ్చి బొప్పాయిలు ఉడకేసుకు తిన్నారు, కొబ్బరి తిన్నారు, చివరికి అడవి దుంపలు చేదు పోయేదాకా నానబెట్టుకు తిన్నారు. మెడ కింద ఎముకలు పొడుచుకొస్తే "ఓహో, మీ ఆయన నీక్కూడా గొలుసు చేయించాడే!" అని ఒకళ్ళనొకళ్ళు వెక్కిరించుకునేవాళ్ళు. పట్నంలో గోధుమపిండి లేదు, మోటారుకి పెట్రోలు లేదు. పాస్టరుగారు ఊళ్ళోకి వచ్చి ఆరు నెలలయింది.

ఫిబ్రవరిలో అరబా మేనమామ క్వామెనా మంచం పట్టాడు. తల్లి పోయాక ఆమెను పెంచింది ఆయనే. ఎనభై దాటిన మనిషి. ఆకలని అనలేదు, నొప్పి అనలేదు. ఒకటే అడిగేవాడు.

"బల్ల ఎప్పుడే?"

"పాస్టరుగారు రావాలి మామా."

"పోయేముందు మా అమ్మకిచ్చారు. మా అన్నకిచ్చారు. నా వంతు వచ్చేసరికి బల్ల ఎత్తేశారా ఏంటే?"

ఈ మాట విని ఇసాకు ఎగ్యిర్ ఇరవై రెండు మైళ్ళు నడిచి పట్నం వెళ్ళాడు. మూడో రోజు కాళ్ళకి బొబ్బలతో, ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. పిండి దొరకగానే వస్తామన్నారట, అందాకా ప్రార్థనలో ఉండమన్నారట. క్వామెనా ఆ గురువారం కన్ను మూశాడు.

పాతిపెట్టి వస్తూ అరబా ఉపదేశిని దారిలోనే నిలేసింది.

"నువ్వెందుకు ఇవ్వలేదు?"

"నాకు అధికారం లేదక్కా. నేను చదివేవాణ్ణే గానీ విరిచేవాణ్ణి కాను."

"అంటే అమ్మ ఊరెళ్తే పిల్లలు పస్తుండి చావాలి. అంతేనా?"

"అలా అనకక్కా. పైగా రొట్టె కూడా లేదాయె."

"రొట్టె లేదు, అధికారం లేదు, పెట్రోలు లేదు. మరి నీ దగ్గర ఏముందయ్యా?"

ఇసాకు తల దించుకుని, "పుస్తకం ఉందక్కా" అన్నాడు.

ఆ నెలలోనే లారీలు వచ్చాయి. పరాయివాళ్ళంతా పొమ్మని నైజీరియా తరిమేసరికి అక్కడ బతుకుతున్నవాళ్ళంతా సరిహద్దులు దాటి గుంపులు గుంపులుగా తిరిగొచ్చారు. తినడానికి లేని ఊరికి ఇంకో నలభై నోళ్ళు చేరాయి. అందులో అరబా చెల్లెలి కూతురు ఆబా ఒకతె. లాగోసులో బట్టలు కుట్టి బతికిన పిల్ల. మిషను కాళ్ళు అక్కడే వదిలేసి, తల మాత్రం మూటలో పెట్టుకుని వచ్చింది. పాదాలు ఉబ్బి చెప్పులు పట్టడం లేదు.

"దారిలో ఏం తిన్నావే?" అని అడిగింది అరబా, కాళ్ళకి కొబ్బరినూనె రాస్తూ.

"మూడు రోజులు ఏమీ లేదు పెద్దమ్మా. నాలుగో రోజు లారీలో ఒకామె మూటలోంచి ఒక గ్లాసుడు వేయించిన కర్రపెండలం పిండి తీసింది. నీళ్ళలో తడిపి మా తొమ్మిది మందికీ పెట్టింది. పెట్టే ముందు కళ్ళు మూసుకుని ఏదో అనుకుంది. తను ఆఖర్న తిన్నది."

"ఎవరామె? మన సంఘమేనా?"

"ఎవరో. పేరన్నా అడగలేదు. నాకు తెలిసింది ఆ గ్లాసొక్కటే."

అరబా చాలాసేపు ఆ పాదాలు పిసుకుతూనే ఉండిపోయింది.

ఈస్టరు పది రోజులుందనగా ఆమె పెట్టె తెరిచింది. అడుగున ఒకే ఒక్క మంచి బట్ట ఉంది. మామ కొనిచ్చింది, బల్ల ఆదివారాలకి మాత్రమే కట్టుకునేది. అది తీసుకుని లోపలి ఊళ్ళకి రెండు రోజులు నడిచివెళ్ళి, గాదెలో కాసిని గింజలు దాచుకున్న ఒక రైతు పెళ్ళాంతో మారకం వేసుకుంది. రెండు డబ్బాల మొక్కజొన్నలు వచ్చాయి. నెత్తిన పెట్టుకుని వస్తే ఆబా గోల చేసింది.

"పండగ నాడు ఏం కట్టుకుంటావ్ పెద్దమ్మా?"

"ఈ పాతదే. దేవుడు నన్ను ఇంతకంటే అధ్వాన్నంగా చూశాడులే."

పధ్నాలుగు పెద్ద దొకోనులయ్యాయి. ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర నిలబడి అందరికీ తలా కాస్త పెడదామని బుట్టలో సర్ది, పైన గుడ్డ కప్పి, గుడిలో తన కాళ్ళ దగ్గర పెట్టుకుంది. అంతకుమించి ఆమె మనసులో ఏమీ లేదు. తర్వాత ఈ మాట చెబితే ఎవరూ నమ్మలేదు.

ఆ రోజు గుడి నిండిపోయింది. ఉడికిన మొక్కజొన్న వాసన బల్లల మధ్య పాకుతుంటే, ప్రార్థనలో కళ్ళు మూసుకున్నవాళ్ళ ముక్కులు అటే తిరిగాయి. ఇసాకు ఎగ్యిర్ పుస్తకం తెరిచి, ప్రభువు తాను అప్పగింపబడిన రాత్రి రొట్టె పట్టుకుని, కృతజ్ఞతలు చెల్లించి, దానిని విరిచిన సంగతి చదివాడు. చదివి పుస్తకం మూశాడు. ఆరు నెలలు దాటి అలాగే మూస్తున్నాడు. "ఇప్పుడు చివరి కీర్తన" అన్నాడు.

అరబా లేచి నిలబడింది.

"ఆగవయ్యా! ఏంటి చివరి కీర్తన? విరిచాడన్నావు. విరిచి ఏం చేశాడు? పుస్తకం మూసి ఇంటికి పంపేశాడా?"

గుడిలో గుసగుస లేచింది. మొదటి వరసలోంచి సంఘపెద్ద ఎస్సెల్ వెనక్కి తిరిగాడు. ఒకప్పుడు కలెక్టరాఫీసులో గుమాస్తా. ఎండుగాలిలోనూ కోటు విప్పని మనిషి.

"అరబా, కూర్చో. ఇది మార్కెట్టు కాదు."

"మార్కెట్టయితే బాగుండేది పెద్దాయనా. అక్కడ సరుకు లేకపోతే లేదని చెబుతారు. ఉందని ఊరించరు." ఆమె బుట్ట ఎత్తుకుని ముందుకు నడిచింది. పీఠం ముందున్న ఖాళీ బల్ల మీద పెట్టి, గుడ్డ తీసింది. "నా దగ్గర సరుకుంది. ఉపదేశిగారూ, నువ్వు కృతజ్ఞతలు చెప్పు. నేను విప్పుతాను."

ఇసాకు మొహం తెల్లబోయింది. "అక్కా... అది రొట్టె కాదక్కా."

"ఏం? మనం రోజూ చేసే ప్రార్థనలో ఏమడుగుతున్నాం? ఈ దినానికి మాకు కావలసిన ఏది ఇమ్మంటున్నాం? అందరి ముందూ చెప్పు."

"తిండి" అన్నాడు ఇసాకు సన్నగా.

"గట్టిగా!"

"తిండి అక్కా. మన భాషలో 'తిండి' అనే ఉంది."

"పుస్తకాన్ని మన భాషలోకి తెచ్చి ఆ మాట రాసినవాళ్ళు కళ్ళజోళ్ళు పెట్టుకున్న పెద్దలు. నేను కాదు. రొట్టె అని రాయడం వాళ్ళకి చేతకాకనా? ఈ ఊళ్ళో జనం దేంతో బతుకుతారో వాళ్ళకి తెలుసు. ఆయన ఊళ్ళో గోధుమ పండింది, గోధుమ విరిచాడు. ఇక్కడ పుట్టుంటే నా దగ్గరే కొనేవాడు."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఎస్సెల్ లేచి, పెళ్ళాన్నీ కూతుర్నీ వెంటబెట్టుకుని బయటికి నడిచాడు. తలుపు దగ్గర ఆగి, "దీనికి జవాబు చెప్పుకోవాల్సి ఉంటుంది" అన్నాడు. "అడిగినప్పుడు చెప్తాలే" అంది అరబా.

ఇసాకు నోరు విప్పలేదు. అలాగని అడ్డమూ పడలేదు. పుస్తకం గుండెకి హత్తుకుని నిలబడిపోయాడు. ఆయన చెప్పడని తేలిపోయాక ఆమే కళ్ళు మూసుకుంది.

"తండ్రీ, ఇది నువ్విచ్చిన మొక్కజొన్న. గోధుమలు రాలేదు. వాన ఆపింది నువ్వే, కాబట్టి దీన్ని చూసి మూతి ముడవకు. మా మామ నీ బల్ల కోసం అడిగి అడిగి పోయాడు. ఆయనకి ఇయ్యలేకపోయాం. వీళ్ళకన్నా ఇస్తాం. మా కోసం విరిగినవాడి పేరు మీద దీన్ని విరుస్తున్నా. ఆమెన్."

ఆకు విప్పి, ముద్దని రెండు చేతులతో విరిచింది. చల్లారకుండా ఉన్న లోపలి పిండి నుంచి సన్నటి ఆవిరి లేచింది. ఎవరో బయటికి పరిగెత్తి నాలుగు కొబ్బరికాయలు కొట్టుకొచ్చారు. గిన్నెలో పోసిన ఆ నీళ్ళు ఒకళ్ళ చేతిలోంచి ఒకళ్ళ చేతిలోకి వెళ్ళాయి. లారీల్లో వచ్చినవాళ్ళని ముందు రమ్మంది. గోరంత కాదు, గుప్పెడు పెట్టింది. ఒక ముసలామె రెండు చేతులా అందుకుని, నమిలి, "కాస్త కారం ఉంటేనా!" అంది. గుడి గుడంతా నవ్వింది. ఆ నవ్వులోనే కొందరు ఏడ్చారు. అరబా తను ఆఖర్న తిన్నది.

జూన్‌లో వానలు పడ్డాయి. వానల వెనకే పాస్టరుగారూ వచ్చారు. ఎస్సెల్ రాసిన ఉత్తరం ఆయన సంచీలో ఉంది. ఇద్దరు పట్నం పెద్దల్ని పక్కన కూర్చోబెట్టుకుని, శనివారం మధ్యాహ్నం గుడిలో విచారణ పెట్టారు. ఆయన చెడ్డవాడు కాదు. ఆయన మెడ కింద కూడా ఎముకలు కనిపిస్తూనే ఉన్నాయి.

ముందు ఉపదేశిని అడిగారు. "ఆమెని ఎందుకు ఆపలేదు?"

"అప్పుడు నాకూ ఆకలిగానే ఉందయ్యగారూ."

"నువ్వు తిన్నావా?"

"అప్పుడు తినలేదండి. అందరూ వెళ్ళిపోయాక, ఆకులకి అంటుకున్నది గీక్కుని తిన్నాను."

అరబా చటుక్కున అతని వైపు చూసింది. ఈ సంగతి ఆమెకీ తెలియదు. చీపురు పట్టుకుని, ఆకులు తను ఊడుస్తానని ఆమెని ఇంటికి పంపించేసింది అతనే.

ఇసాకు తప్పయిందని ఒప్పుకుని కాగితం మీద సంతకం పెట్టాడు. ఆరు నెలలు పీఠం ఎక్కొద్దన్నారు. తర్వాత అరబా వంతు వచ్చింది.

"అమ్మా, కరువని నాకూ తెలుసు" అన్నారు పాస్టరుగారు. "ఆకలిగొన్నవాళ్ళకి పెట్టావు, మంచిదే. గుమ్మం బయట పెట్టుంటే నిన్ను దీవించేవాణ్ణి. కానీ ప్రతి ఊళ్ళో ప్రతివాళ్ళూ తమకి తోచింది తోచినట్టు విరుస్తూ పోతే, ఇక బల్ల అనేది ఎక్కడ మిగులుతుంది చెప్పు?"

"మేము పోయాక అది మిగిలి ఏం చేస్తుందయ్యగారూ?"

పట్నం పెద్దల్లో ఒకాయన బల్ల మీద చరిచాడు. "మాటకి మాట చెప్పకు! తప్పయిందని ఒక్క ముక్క అను. ఆరు నెలల్లో నిన్ను మళ్ళీ చేర్చుకుంటాం."

"తప్పయితే అంటాను. మా మామ ఉత్త నోటితో పోయాడే, అది ఎవరి తప్పో ముందు రాయండి. కింద నాది రాసుకోండి."

అది ఎవరూ రాయలేదు. ఆమెను కనీసం ఏడాదిపాటు బల్ల నుంచి తప్పించారు. తప్పు ఒప్పుకునేదాకా వెనక బల్ల మీద కూర్చోవాలని, పాటల గుంపులో నిలబడకూడదని తీర్మానం చేశారు. శిక్షలో ఉన్నవాళ్ళకోసం గోడ వారగా వేసి ఉంచిన బల్ల అది. ఒక కాలు పొట్టి.

"గుడి లోపలే కదా ఉంది. కూర్చుంటా" అంది అరబా.

మర్నాడు ఆదివారం. పాస్టరుగారు పడిపోబోతున్న దేవుని మందసాన్ని, ఆ పవిత్రమైన పెట్టెని, పట్టుకోబోయి చచ్చిపోయిన ఉజ్జా మీద ప్రసంగం ఎత్తుకున్నారు. సదుద్దేశంతోనే చెయ్యి చాపాడు, అయినా దేవుడు ఊరుకోలేదు, ఎవరు ముట్టుకోవలసింది వాళ్ళే ముట్టుకోవాలి అని చెబుతున్నారు. చాలామంది వెనక్కి తిరిగి చూస్తున్నారు. అప్పుడు గోడ వారనుంచి అరబా గొంతు లేచింది.

"ఆకలేసిన దావీదు ఎక్కడికెళ్ళాడమ్మా?"

పాటల గుంపులో నిలబడకూడదన్నారు గానీ, కూర్చుని పాడకూడదని తీర్మానంలో లేదు. మూడో వరసలో ఒక చేపలావిడ అందుకుంది.

"గుడికెళ్ళాడమ్మా, గుడికే వెళ్ళాడు!"

"గుడిలో దావీదు ఏం తిన్నాడమ్మా?"

ఈసారి పది గొంతులు కలిశాయి. "యాజకుల రొట్టె తిన్నాడు! తినకూడని రొట్టె తిన్నాడు!"

"తిన్న దావీదుని దేవుడు కొట్టాడా?"

"కొట్టలేదమ్మా, కొట్టనే లేదు! రాజుని చేసి కూర్చోబెట్టాడు!"

చప్పట్లు మొదలయ్యాయి. లారీల్లో వచ్చినవాళ్ళు కాళ్ళతో తాళం వేశారు. పాట ఆరుసార్లు తిరిగింది. పాస్టరుగారు పీఠం అంచు పట్టుకుని, చెమట తుడుచుకుంటూ ఆనవాయితీ ప్రకారం నిలబడ్డారు. పాట ఆగాక ఆయన ఉజ్జా దగ్గరికి మళ్ళీ వెళ్ళలేకపోయారు. గబగబా రెండు మాటలు చెప్పి ముగించేశారు.

తర్వాత తెల్లగుడ్డ విప్పారు. ఎన్నాళ్ళకో వచ్చిన గోధుమ రొట్టె. రమ్మని పిలిచారు. మామూలుగా ఆడవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ వెళ్ళేవాళ్ళు. ఆ రోజు సగంమందికి పైగా కూర్చున్న చోటే కూర్చున్నారు. చేపలావిడ ఒళ్ళో చేతులు పెట్టుకుని కిటికీలోంచి సముద్రం వైపు చూస్తూ ఉండిపోయింది. పళ్ళెంలో రొట్టె మిగిలిపోయింది.

కానీ ఆబా లేచింది. పెద్దమ్మ వైపు చూడకుండా వెళ్ళి, మోకరించి, ముక్క తీసుకుంది.

ఇంటికొచ్చాక అరబా ఆమెతో మాట్లాడలేదు. సాయంత్రం ఆబాయే వచ్చి ఎదురుగా కూర్చుంది.

"తిట్టెయ్ పెద్దమ్మా. తిట్టకుండా ఉంటే భయమేస్తోంది."

"నిన్ను తిట్టడమెందుకు? నేను పెట్టింది తిన్నావు, వాళ్ళు పెట్టిందీ తిన్నావు. నోరు నీది."

"అవును. రెండూ తిన్నా. నాకు రెండూ ఒకటే అనిపించింది. ఒకటి తిని రెండోది ఉమ్మెయ్యలేను. నీ పోట్లాట న్యాయమైందే. కానీ అది నీది. నాకు పోట్లాడే ఓపిక ఆ లారీలోనే అయిపోయింది."

అరబాకి కోపం తగ్గలేదు. అయినా పొయ్యి మీద గిన్నె దించి, ఇద్దరికీ పెట్టింది. ఆ తర్వాత వారం రోజులపాటు వాళ్ళిద్దరి మధ్యా నడిచింది పొడి మాటలే.

ఏడాది తిరిగింది. తప్పయిందన్న మాట ఆమె నోటెంట రాలేదు. శిక్ష తీరలేదు. ఆ వెనక బల్ల మీద అప్పటిదాకా ఒకళ్ళిద్దరు తలలు వంచుకుని కూర్చునేవాళ్ళు, వీలైతే అసలు గుడికే రావడం మానేసేవాళ్ళు. పెళ్ళి కాకుండా బిడ్డని కన్న పిల్ల, రెండో పెళ్ళాంగా వెళ్ళినామె, మొగుణ్ణి వదిలేసి వచ్చినామె, అలాంటివాళ్ళ చోటు అది. అరబా వచ్చి కూర్చున్నాక వాళ్ళంతా ఒక్కొక్కళ్ళే మళ్ళీ వచ్చారు. బల్ల చాలక ఇంకోటి వెయ్యాల్సి వచ్చింది. పొట్టికాలు కింద అరబాయే ఒక చెక్కముక్క దోపింది.

బల్ల ఆదివారం ముందున్నవాళ్ళు రొట్టె తీసుకునేటప్పుడు వెనకవాళ్ళు బయటికి వెళ్ళాలని నియమం. వెళ్ళేవాళ్ళు. బయట మెట్ల మీద అరబా బుట్ట విప్పేది. దొకోను, వేయించిన చేప, రోట్లో నూరిన కారం. మధ్యలో ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, విరిచి, అందరికీ పెట్టేది. ఒకసారి ఎస్సెల్ చూసి మండిపడ్డాడు.

"గుడి ముందు రెండో బలిపీఠం కడుతున్నావా?"

"పొద్దుటి ఫలహారం పెద్దాయనా. అది తినడానికి కూడా పట్నం నుంచి కాగితం తెచ్చుకోవాలా?"

ఏడేళ్ళు అలాగే గడిచాయి. ఆ పాస్టరుగారికి బదిలీ అయింది. కొత్తగా ఎబెనేజర్ క్వాన్సా అనే కుర్ర పాస్టరు వచ్చాడు. సంఘం పాత పేర్ల పుస్తకం తిరగేస్తుంటే అరబా పేరు కనిపించింది. ఇంత చిన్న సంగతిని ఇన్నాళ్ళు లాగడమేంటని అతనికి నొచ్చింది. ఒక సాయంత్రం ఆమె ఇంటికి వచ్చాడు. ఆమె ఆకులు తడుపుతోంది.

"అమ్మా, ఇక ఆ సంగతి వదిలేద్దాం. నీ పేరు నేనే కొట్టేస్తాను. ఎవరికీ చెప్పక్కర్లేదు. వచ్చే బల్లకి నువ్వు మామూలుగా ముందుకొచ్చెయ్."

"నేను చేసింది తప్పా కాదా బాబూ?"

"అది ఇప్పుడెందుకమ్మా? పాత సంగతి."

"నాకు పాతబడలేదు. తప్పయితే ఉంచు. కాకపోతే కాదని గుడిలో అందరి ముందూ చెప్పు. చీకట్లో కూరాకు దొంగిలించినట్టు నా పేరు కొట్టేస్తానంటే ఒప్పుకోను."

కుర్ర పాస్టరు అబద్ధం చెప్పడం ఇష్టం లేని మనిషి. "తప్పని నేననలేను. తప్పు కాదని చెప్పే అధికారం నాకు లేదు" అన్నాడు.

"ఈ మాటన్నా అన్నావు. నీకు ముందున్నవాళ్ళు ఇదీ అనలేదు" అంది అరబా. "పేరు అలాగే ఉండనీ. రేపు ఎవరన్నా చదివితే, ఎందుకు వెలేశారని అడుగుతారు. అడగాలి."

తర్వాతి బల్ల ఆదివారం ముందున్నవాళ్ళ వరస అయిపోయాక, క్వాన్సా పళ్ళెం మీద గుడ్డ కప్పాడు. ఆరాధన అంగీ విప్పకుండానే గుమ్మం దాటి మెట్ల మీదికి వచ్చాడు. ఆడవాళ్ళు మాటలు ఆపేశారు. రెండో పెళ్ళాంగా వెళ్ళినామె చంకలో బిడ్డని సర్దుకుని లేవబోయింది.

"కూర్చోండమ్మా, లేవద్దు" అన్నాడు అతను. "నాకూ కాస్త పెడతారా?"

అరబా అతన్ని కింది నుంచి పైదాకా చూసింది. "అంగీ మీద కారం పడుతుంది."

"పడనీ."

"పట్నంలో తెలిస్తే నిన్నూ వెనక బల్ల మీద కూర్చోబెడతారు. అక్కడ చోటు లేదు, ముందే చెబుతున్నా."

ఆడవాళ్ళు నవ్వారు. అరబా నవ్వలేదు. పక్కకి జరిగి చోటిచ్చింది. ఆకు విప్పి, ముద్ద విరిచి, పెద్ద భాగం చంటిబిడ్డ తల్లికిచ్చి, మిగిలిన దాంట్లోంచి అతనికి పెట్టింది. పాస్టరు ఎండలో మెట్టు మీద కూర్చుని, వేళ్ళతో కారం అద్దుకుని తిన్నాడు. లోపల ఆబా, ఇంకా మిగతావాళ్ళు కీర్తన పాడుతున్నారు. ఇసాకు ఎగ్యిర్ గుమ్మం దగ్గర నిలబడి అటూ ఇటూ చూసి, చెప్పులు విడిచి, తనూ వచ్చి కూర్చున్నాడు.

"ఈసారి ఆకులు గీక్కోనక్కర్లేదు ఉపదేశిగారూ" అంది అరబా, అతని చేతిలో ముద్ద పెడుతూ.